పసుపు విమానంలో నిమ్మకాయ

విమానాల క్లబ్బులో పనిచేసే మార్జొరీ గారు గాజు సీసా మూత తీసి, అందులోంచి ఒక పెన్సిల్ ముక్క ఏరి మా అబ్బాయి అరచేతిలో పెట్టినప్పుడు నాకు మొదటిసారి గుండె ఝల్లుమంది. అప్పటిదాకా ఏ భయమూ లేదు. మా అత్తయ్య కూర్చున్న రెండు రెక్కల పసుపు విమానం గడ్డి మీద గెంతుకుంటూ వెళ్లి, లేచి, ఆవపూల రంగు చేల మీదుగా తూర్పుకి తిరిగింది. పిల్లలు చేతులూపారు. నేను ఫోన్లో వీడియో తీసుకున్నాను. ఎండ పడుతోందని అందరం షెడ్డులోకి వచ్చి కూర్చున్నాం.

"ఎంత చిన్నదో చూడు," అంది మార్జొరీ గారు మా ఋషితో. ఆవిడ మాట్లాడింది ఇంగ్లిషే, నేను తెలుగులో రాస్తున్నాను. "ఒకప్పుడు ఒక స్టూడెంట్ జేబులోంచి జారిపడింది. విమానంలో కాళ్ల మధ్య ఒక కర్ర ఉంటుంది, దాంతోనే పైకీ కిందికీ పక్కలకీ తిప్పేది. ఇది పోయి ఆ కర్ర అడుగున ఇరుక్కుంది. కర్ర కదల్లేదు. అందుకే మీ నానమ్మ జేబులన్నీ నేనే దగ్గరుండి ఖాళీ చేయించాను."

సీసాలో ఇంకా ఒక చొక్కా గుండీ, విరిగిన దువ్వెన, రెండు నాణేలు, ఒక జడపిన్ను, అడుగున ఒక గోళీ ఉన్నాయి. అన్నీ ఇలాంటి విమానాల పొట్టలో దొరికినవేనట.

నా చూపు గోళీ మీద ఆగిపోయింది. మార్జొరీ గారు జేబులు ఖాళీ చేయించాక, నేను మా అత్తయ్య స్వెటర్ జేబులో ఒక నిమ్మకాయ పెట్టాను. ఆ సంగతి అత్తయ్యకి కూడా చెప్పలేదు.

అది అక్కడికెలా వచ్చిందో చెప్పాలంటే రెండు రోజులు వెనక్కి, కాల్గరీలో మా ఇంటి ముందుకి వెళ్లాలి.

నాలుగు చక్రాల కింద

శుక్రవారం పొద్దున్న బయలుదేరాం. మేమంటే నేను, ఎనిమిదేళ్ల మేధ, ఐదేళ్ల ఋషి, విజిటర్‌గా వచ్చి ఉన్న మా అత్తయ్య సుగుణ గారు. మావారు కిరణ్ కూడా రావాల్సింది. ముందురోజు ఆఫీసులో ఏదో సర్వర్ పడిపోయి అతను చిక్కుకుపోయాడు. "అమ్మకి మాటిచ్చాం, మీరు వెళ్లండి" అన్నాడు. అంత దూరం నేను ఒక్కదాన్నే ఎప్పుడూ డ్రైవ్ చేయలేదు. టైర్లలో గాలి మూడుసార్లు చూసుకున్నాను.

అత్తయ్యకిచ్చిన ఆ మాట వెనక ఒక కథ ఉంది. అత్తయ్య వాళ్ల నాన్న హైదరాబాదులో దర్జీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేటలో కొత్త పైలట్లకి ఓనమాలు నేర్పే విమానాలు ఉండేవి. టైగర్ మాత్ అంటారు. పైనొక రెక్క, కిందొక రెక్క. ఆ రెక్కలు రేకువి కావు. చెక్క చట్రం మీద గుడ్డ బిగించి, దారంతో కుట్టి, పైన ఒక రకం వార్నీషు పూస్తే అది డప్పు తోలులా బిగుసుకుంటుంది. ఆ కుట్టుపనికి ఆయన్ని కొన్నాళ్లు పెట్టుకున్నారట.

"మా నాయిన విమానానికి రెక్కలు కుట్టిండంటే, పతంగులు కుట్టిండా అని నవ్విన్రు బిడ్డా. బళ్లె టీచరు సుత నవ్విండు," అని అత్తయ్య ఒకసారి నాతో చెప్పింది. మా పెళ్లైన కొత్తలో నేనూ నవ్వాను.

ఈసారి ఆవిడ వచ్చాక కిరణ్ వెతికి వెతికి, సస్కటూన్‌కి గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో, పాత టైగర్ మాత్‌ని ఇంకా ఎగరేస్తున్న క్లబ్బుని కనుక్కున్నాడు. ఆ ప్రాంతమంతా అప్పట్లో ట్రైనింగ్ మైదానాలేనట. ఇంగ్లండు నుంచీ ఆస్ట్రేలియా నుంచీ కుర్రాళ్లు ఓడలెక్కి వచ్చి ఈ గోధుమ చేల మీద ఎగరడం నేర్చుకుని, ఇక్కణ్ణించే యుద్ధానికి వెళ్లారు. టికెట్టు కొంటే ఇరవై నిమిషాలు తిప్పుతారు. నూట తొంభై డాలర్లు. కిరణ్ తన కోసం ఒకటి బుక్ చేసుకున్నాడు. అది రూపాయల్లో ఎంతో అత్తయ్యకి మేం చెప్పలేదు.

మా వ్యాన్ సెకండ్ హ్యాండ్‌ది, కొని నెల కూడా కాలేదు. దూరప్రయాణం ఇదే మొదలని అత్తయ్య నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పక్కింటాయన కుక్కని తిప్పుతూ ఆగిపోయాడు.

"అవి టైర్లు శుభ్రం చేయడానికా?" అన్నాడు.

నాకు తలెత్తుకోవాలనిపించలేదు. "అవును" అని చెప్పి వ్యాన్ ముందుకి పోనిచ్చాను. సంచికి ఐదు నిమ్మకాయలు వచ్చాయి. మిగిలిన ఐదోదాన్ని అత్తయ్య నా పక్కన కప్పు పెట్టుకునే గుంటలో పెట్టింది.

"ఇవన్నీ మీరు నిజంగా నమ్ముతారా అత్తయ్యా?"

"నమ్ముడేంది? పెట్టుడు అలవాటు. పెడితె ఏం పోయింది?"

డ్రమ్‌హెల్లర్‌లో సూది

మొదటి మజిలీ డ్రమ్‌హెల్లర్. ఊరంతా డైనోసార్లే. బ్యాంకు ముందొకటి, కూరగాయల కొట్టు ముందొకటి. ఋషి ప్రతిదాని ముందూ ఫొటో దిగాలన్నాడు. మ్యూజియంలో ఎముకలు చూసి అత్తయ్య, "ఇంత పెద్దగున్నయి, ఏం తిని బతికినయో," అని చాలాసేపు అక్కడే నిలబడింది. మధ్యాహ్నం పులిహోర పార్కులో బెంచీ మీద తిన్నాం. పక్క బెంచీ ఆవిడ వాసన బాగుందని తనే వచ్చి అడిగింది. రెండు చెంచాలు పెడితే, బదులుగా పిల్లలకి చెర్రీలు ఇచ్చింది. మా తెనాలిలో రైలు ప్రయాణాల్లో కూడా ఇలాగే ఉండేది. ఇక్కడ అలా జరగడం నాకు అదే మొదటిసారి.

ఆ సాయంత్రం మోటెల్లో అత్తయ్య మేధ గౌను అంచు కుట్టింది. మర్నాడు పొద్దున్న గది ఖాళీ చేసే వేళకి ఆవిడ సూదుల డబ్బా ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"పన్నెండుండాలె. పదకొండే ఉన్నయి."

"పోనీలెండి అత్తయ్యా, సస్కటూన్‌లో ఇంకో ప్యాకెట్టు కొందాం."

"కొనుడు గాదు. లెక్క కాకుంటే డబ్బా మూయొద్దు. మా నాయిన మూయనియ్యకపోయేది."

గంటసేపు మేం నలుగురం తివాచీ మీద పాకాం. పిల్లల కాళ్లకి గుచ్చుకుంటుందేమోనని నాకు భయం, పదకొండు గంటలు దాటితే ఇంకో రోజు అద్దె వేస్తారేమోనని ఇంకో భయం. మోటెల్ నడిపే ఆవిడ తొంగిచూసి, సంగతి విని, వెళ్లి ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి పట్టుకొచ్చింది. డైనోసారే. దాన్ని తివాచీ మీద తిప్పుతూ తనూ కూర్చుంది. చివరికి సూది కిటికీ తెర అంచున దొరికింది. అత్తయ్యే దాన్ని అక్కడ గుచ్చి మర్చిపోయింది.

"వన్ నీడిల్ కోసం వన్ అవర్," అంది మేధ. వ్యాన్లో చాలాసేపు నేనూ ముభావంగానే ఉన్నాను.

కిండర్స్లీలో కాఫీ

అక్కణ్ణించి దారి గీత గీసినట్టు ఉంటుంది. అటూ ఇటూ పసుపు. ఇక్కడ కనోలా అంటారు. చూడ్డానికి మన ఆవచేనే, కాకపోతే కంటికి ఆనినంత మేరా అదే. మధ్యలో ఎక్కడో ఒక ధాన్యం గోదాము గోపురంలా నిలబడి ఉంటుంది. అది దగ్గరవడానికి అరగంట పడుతుంది. సస్కాచెవాన్ రాష్ట్రంలోకి వచ్చాక కిండర్స్లీలో కాఫీకి ఆగాం. కౌంటరు వెనక అమ్మాయి మా మాటలు వింటూ నవ్వుతోంది.

"మీరు తెలుగా ఆంటీ? మాది నల్గొండ."

పేరు సౌమ్య. చదువు సస్కటూన్‌లో అయిపోయింది, చిన్న ఊళ్లో పనిచేస్తే పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, తొందరగా వస్తుందని ఇక్కడికి వచ్చిందట. వచ్చి ఏడు నెలలైంది. చలికాలమంతా తెలుగు మాట ఫోన్లోనే తప్ప ఎదురుగా వినలేదంది.

"ఎటు పోతున్నరు?" అని అత్తయ్యని అడిగింది.

"విమానం చూసెటందుకు."

"సస్కటూన్ ఎయిర్‌పోర్టుకా?"

"ఊహు. గుడ్డ విమానం."

సౌమ్య నా వంక చూసింది. నేను తలూపాను.

"గుడ్డదా? వానొస్తె ఎట్ల మరి?"

"వానొస్తె నువ్వయితె ఏం జేస్తవ్? లోపల్నే ఉంటవ్. అదీ అంతే."

ఆ పిల్ల కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. రెండు ఆలుగడ్డ టిక్కీలు ఎక్కువ వేసి బిల్లులో రాయలేదు. అత్తయ్య వ్యాన్లోంచి పప్పుచెక్కల డబ్బా తెప్పించి, డబ్బాతో సహా ఆమెకిచ్చేసింది.

ఆ సాయంత్రం సస్కటూన్ చేరాం. నది పక్కన నడిచి, ఆ ఊరి పేరే ఉన్న చిన్న ఊదా పండ్లతో చేసిన 'పై' అనే తీపి వంటకం తిన్నాం. పిల్లలు బ్లూబెర్రీ అన్నారు. అత్తయ్య మాత్రం నేరేడు పండుకి దూరపు చుట్టమని తేల్చింది. ముక్క తొమ్మిది డాలర్లు.

రెక్క కుట్టే గది

ఆదివారం పొద్దున్న క్లబ్బుకి వెళ్లాం. గడ్డి మైదానం, ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం. అంతే. షెడ్డు ముందు పసుపు విమానం. మేం అనుకున్నదానికన్నా చిన్నది. నేర్చుకునేవాళ్లు నడిపేది కాబట్టి దూరం నుంచే చూసి మిగతావాళ్లు తప్పుకోవాలని ఆ రంగు వేసేవారట. చలి దేశమని ఇక్కడ దానికి అద్దాల మూత కూడా పెట్టారు. వేసవి కనుక వెనక్కి తోసి ఉంచారు.

మార్జొరీ గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. క్లబ్బులో కుట్టుపని ఆవిడది. పక్కగదిలో ఒక రెక్క, బట్టలారేసుకునే దండెం ఎత్తున, నిలువుగా నిలబెట్టి ఉంది. కొత్త గుడ్డ తొడిగారు. కుట్టు సగంలో ఉంది. అత్తయ్య దాని దగ్గరికి వెళ్లి చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ముట్టుకోవచ్చు," అంది మార్జొరీ గారు.

అత్తయ్య కుట్టు మీద వేలు నడిపించింది. తర్వాత నాతో, "అడుగు, అవతల ఎవరు నిలబడతరో అడుగు," అంది.

నేను అడిగాను. మార్జొరీ గారి మొహం మారింది. ఈ కుట్టుకి ఇద్దరు కావాలట. జానెడు సూదిని ఇవతలి మనిషి రెక్కలోంచి అవతలికి తోస్తే, అవతలి మనిషి అందుకుని చట్రం బద్దకి రెండో పక్కనించి తిరిగి తోయాలి. చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ ఆ ప్రశ్న ఇంతవరకూ అడగలేదంది.

"మా నాయిన ఇంట్ల తలుపు తెర కుడితె మా అమ్మ అవతల నిలబడేది. గిట్లనే," అంది అత్తయ్య.

మార్జొరీ గారు సూది తెచ్చి ఆవిడ చేతికిచ్చి, తను అవతలి పక్కకి వెళ్లింది. రెక్కకి అటొకరు, ఇటొకరు. ఒకరికొకరు కనిపించరు. సూది వెళ్తుంది, వస్తుంది. అత్తయ్య ముడి వేసినప్పుడు అవతలి నుంచి "గుడ్" అని వినిపించేది. ఏడు కుట్లు వేశారు. యుద్ధం రోజుల్లో మార్జొరీ గారి అమ్మ ఇదే మైదానంలో రెక్కలు కుట్టిందట. అప్పుడామెకి పంతొమ్మిదేళ్లు.

పని ఆపాక మార్జొరీ గారు ఒక రేకు డబ్బా తెరిచి, సూదులు ఒక్కొక్కటే బల్ల మీద పరిచి లెక్కపెట్టసాగింది. అత్తయ్య ఆవిడ పక్కన నిలబడి తెలుగులో లెక్కపెట్టింది. ఇద్దరూ ఒకేసారి పద్నాలుగు దగ్గర ఆగారు.

"మా అమ్మ నియమం ఇది. లెక్క సరిపోతే గానీ రెక్క మూయకూడదు," అంది మార్జొరీ గారు. "లోపల సూది ఉండిపోతే, ఆ విమానం ఎక్కిన కుర్రాడి గతేంటి?"

నేను తెలుగులో చెప్పాను.  అత్తయ్య కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

"మోటెల్ల మిమ్ములను నేల మీద పాకించిన గదా," అంది చివరికి. "ఎందుకో నాకూ తెల్వకుండె. ఇప్పుడు తెలిసింది." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "కిరణ్ టికెట్టు ఉన్నది గదా. నేనెక్కుత," అంది.

జేబులు

నేను ఒప్పుకోలేదు. ఆవిడకి అరవై ఆరేళ్లు, బీపీ టాబ్లెట్లు వేసుకుంటుంది. ఆవిడ బాధ్యత మొత్తం నా మీద పెట్టి కిరణ్ కాల్గరీలో కూర్చున్నాడు.

"కిరణ్‌కి ఒకసారి ఫోన్ చేద్దాం అత్తయ్యా."

"చేస్తె వద్దంటడు. వాడు వద్దంటడని నీకు ఎర్కనే. అందుకే చేద్దమంటున్నవ్."

పైలట్ గ్లెన్ గారు కూడా డెబ్బై దగ్గర్లో మనిషే. ముప్పై ఏళ్లు చేల మీద మందు చల్లే విమానం నడిపాడట. అత్తయ్యకి బీపీ చూశారు, కాగితం మీద సంతకాలు చేయించారు. ఆవిడ ముందు సీట్లో, ఆయన వెనక. ఇంజను హోరులో మాట వినిపించదు కనుక ఇద్దరి మధ్యా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. గురువులు అందులోంచే స్టూడెంట్లని తిట్టేవారట. నేలతో మాట్లాడ్డానికి ఏమీ లేదు. అప్పట్లో ఈ విమానాల్లో రేడియో లేదు, వీళ్లూ పెట్టలేదు.

"చివర్లో ఇక్కడ మైదానం మీదికొచ్చాక, ఆవిడకి ఇష్టమైతే ఒక్క పల్టీ," అన్నాడు గ్లెన్ గారు చేత్తో గాల్లో సున్నా చుడుతూ.

అత్తయ్య ఆ సున్నా చూసి అర్థం చేసుకుంది. "ఎక్కేదే ఎక్కుతున్న. తిప్పమను."

మార్జొరీ గారు పళ్లెం పట్టుకుని, అత్తయ్య చీర మీద వేసుకున్న చొక్కా జేబులు ఖాళీ చేయించింది. టాబ్లెట్ల డబ్బా, ఫోను, రెండు పిన్నీసులు, మడిచిన టిష్యూలు, ఒక లవంగం. పిన్నీసులు తీయించేటప్పుడు ఎందుకని నేను అడగలేదు. విమానాశ్రయంలో తీయిస్తారు కదా, అలాంటిదే అనుకున్నాను. చేతిరుమాలు మాత్రం ఒకటి ఉంచుకోనిచ్చింది.

పైన చలిగా ఉంటుందని స్వెటర్ తెమ్మన్నారు. నేను వ్యాన్ దగ్గరికి పరిగెత్తాను. తలుపు తీయగానే ఐదో నిమ్మకాయ కనిపించింది. పక్కింటాయన ముందు దాన్ని చూసి సిగ్గుపడినదాన్ని. చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం ఏమీ ఆలోచించలేదు. చీర పైన క్లబ్బువాళ్ల వదులు ప్యాంటూ, ఆ పైన స్వెటర్ వేయించి గుండీలు నేనే పెట్టాను. పెడుతూ చేతిరుమాలుతో పాటు నిమ్మకాయని స్వెటర్ జేబులోకి జార్చాను. దాని మీద క్లబ్బువాళ్ల తోలు కోటు వచ్చింది. ఇక ఎవరికీ కనిపించదు.

తెల్ల గుడ్డ

"నేను పెట్టాను," అన్నాను మార్జొరీ గారితో. సీసా ఇంకా బల్ల మీదే ఉంది. "మీరు తీయించాక నేను ఒకటి పెట్టాను."

"ఏంటది?"

"నిమ్మకాయ. ఆవిడకి ఏమీ కాకూడదని. ఆవిడకి తెలీదు."

ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఎంత ఉంటుందని అడిగింది. నేను వేళ్లతో చూపించాను. గోడ గడియారం చూసి, "పల్టీకి ఇంకా ఏడెనిమిది నిమిషాలు ఉంది. రా," అంది.

మైదానం మధ్యలో తెల్ల గుడ్డ పట్టీలు రెండు పరిచి ఉన్నాయి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఇంగ్లిషు టీ అక్షరం ఆకారం. రేడియో లేని రోజుల్లో ఎటు నుంచి దిగాలో పైవాళ్లకి చెప్పే గుర్తు అది. ఈ క్లబ్బులో ఇంకో నియమం ఉంది. అడ్డ పట్టీ తీసేస్తే, ఏం చేస్తున్నా ఆపేసి వెంటనే దిగిపోవాలి. మైదానం మీదికి వచ్చిన ప్రతిసారీ గ్లెన్ ముందు ఆ గుడ్డే చూస్తాడంది మార్జొరీ గారు.

అడ్డ పట్టీని ఇనప మేకులతో నేలకి కొట్టారు. ఆవిడ అటు నుంచి, నేను ఇటు నుంచి మేకులు పీకడం మొదలెట్టాం. గట్టి నేల. మూడో మేకు రాలేదు. చేత్తో కాదని చెప్పు తీసి కొట్టి వదులు చేశాను. మేధ నా వెనకే వచ్చి నిలబడింది.

"మమ్మీ, ఈజ్ నానమ్మ ఓకే?"

"ఏం లేదమ్మా. బానే ఉంది."

"దెన్ వై ఆర్ యూ క్రయింగ్?"

నేను చివరి మేకు పీకాను. గుడ్డ ఊడి వచ్చింది. గాలికి పైకి లేస్తుంటే ఋషి పరిగెత్తి వెళ్లి దాని మీద కూర్చున్నాడు. దాన్నీ వాణ్ణీ కలిపే పక్కకి లాగాం.

ఇంజను చప్పుడు వినిపించింది. విమానం తూర్పు నుంచి వస్తోంది, బాగా ఎత్తులో ఉంది. మైదానం అంచుకి వచ్చింది. దాని ముక్కు కిందికి వంగింది, చప్పుడు పెద్దదైంది. అది దిగడానికే అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. మార్జొరీ గారు నా మణికట్టు పట్టుకుంది. పల్టీ కొట్టే ముందు వేగం కోసం అలాగే వంచుతారని ఆవిడ నాకు తర్వాత చెప్పింది. అప్పుడు చెప్పకపోవడమే మంచిదైంది.

ముక్కు నెమ్మదిగా తిన్నబడింది. విమానం రెక్కలు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊపింది.

"చూశాడు," అంది మార్జొరీ గారు. నా మణికట్టు మాత్రం వదల్లేదు.

అది ఒక చుట్టు తిరిగి, గడ్డి మీద రెండుసార్లు గెంతి ఆగేదాకా మేమిద్దరం అలాగే ఉన్నాం. ఆ చెయ్యి మీద ఆవిడ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

పిడికిలి

గ్లెన్ గారు చెయ్యి ఇచ్చి అత్తయ్యని దింపాడు. ఆవిడ ఎడమ చెయ్యే ఇచ్చింది. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. నేరుగా నా దగ్గరికి వచ్చి, నా మొహం ముందు ఆ పిడికిలి విప్పింది. నిమ్మకాయ. ఆవిడ చేతి వేడికి వెచ్చగా ఉంది.

"ఇదేంది బిడ్డా?"

నేను మార్జొరీ గారి వంక చూశాను.

"పైకి పోంగనె గాలికి ముక్కు కారవట్టె. చేతిరుమాలు కోసం కోటు కింద జేబుల చెయ్యి పెడితె ఇది దొరికింది. పెట్టింది నువ్వే అని సమజైంది. బయట పారేద్దమంటె వెనక తోకున్నదాయె, దానికి తగిల్తె? జేబులనే ఉంచుదమంటె ఈ స్వెటర్ జేబు ఇంత లోతు లేదాయె. పట్టుకోని కూసున్న."

"మొత్తం సేపూనా?"

"మరింకేం జేస్త? మా నాయిన రెక్కల సూదే ఉండొద్దన్నడు. నువ్వు నిమ్మకాయ పెట్టినవ్."

గ్లెన్ గారు చెప్పింది మార్జొరీ గారికి నవ్వు తెప్పించింది. ముక్కు వంచాక గుడ్డ లేకపోవడం ఆయన కంటబడిందట. సరిగ్గా అప్పుడే గొట్టంలోంచి అత్తయ్య "నో, నో, నో" అని అరిచిందట. ఆ గొట్టంలోంచి ఎప్పుడూ గురువులే తిట్టేవారు, మొదటిసారి స్టూడెంటే తనని తిట్టిందన్నాడు.

"తలకిందులైతె పిడికిలి నిలుస్తదో లేదో అనుకున్న," అంది అత్తయ్య నాతో. "పట్టు వదిలితె పైనున్న ఇద్దరి పానం. అందుకే వద్దన్న. లేకుంటె తిరిగేదాన్ని."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. ఆవిడ ఎంతో కోరుకున్న పల్టీ నా వల్ల పోయింది. నేను క్షమించమని అడిగాను. ఇంకోసారి తీసుకెళ్లమని గ్లెన్ గారిని అడిగితే, ఆయన గుడ్డ గొట్టం వంక చూపించాడు. అది అడ్డంగా, బిగుతుగా చాచుకుని ఉంది. గాలి పెరిగింది, ఇవాళ్టికి ఇక లేదన్నాడు.

"భయమైతె చెప్పాలె బిడ్డా," అంది అత్తయ్య. "జేబుల పెట్టొద్దు." తర్వాత నా చెంప మీద ఒక్కటి వేసింది, దెబ్బ తగలనంత మెల్లగా. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఏడవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా ముందు ఆవిడ రెండు కాళ్ల మీద నిలబడి, తోలు కోటు గుండీలు విప్పుకుంటూ, పైనుంచి ఆవచేను పసుపు రాసిన గడపలా కనిపించిందని పిల్లలకి చెప్తోంది.

మార్జొరీ గారు సీసా పట్టుకొచ్చింది. నిమ్మకాయ దాని మూతిలోంచి కష్టం మీద లోపలికి వెళ్లింది.

"కుళ్లిపోదా?" అంది మేధ.

"ఉప్పెయ్యమను," అంది అత్తయ్య. "ఏడాదికి ఊరగాయైతది. మల్లొచ్చినప్పుడు అన్నంల కలుపుకుందం."

నేను తర్జుమా చేశాను. మార్జొరీ గారు నిజంగానే లోపలికి వెళ్లి ఉప్పు తెచ్చింది. తర్వాత ఒక చీటీ రాసి సీసాకి అంటించింది. విమానంలో దొరికినవాటిలో ప్రయాణికురాలే కనుక్కుని, చేత్తో పట్టుకుని కిందికి తెచ్చిన వస్తువు ఇదొక్కటేనట. చీటీ మీద "సుగుణ" అని అత్తయ్య తెలుగులో రాసింది.

ఆ సాయంత్రం కిరణ్ ఫోన్ చేస్తే అత్తయ్య మాట్లాడింది. "మంచిగ తిరిగొచ్చిన. అమ్మ చెప్పిన రెక్కల ముచ్చట నిజమే అని మీ చెల్లెకు సుత చెప్పు," అని ఫోన్ నాకిచ్చింది. నిమ్మకాయ సంగతి నేనే చెప్పాను. అతను, "అమ్మ నిన్ను తిట్టిందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే నేను తిట్టను," అన్నాడు.

పిల్లలు మాత్రం ఊరుకోలేదు. ఏం జరిగిందని పడుకునేదాకా అడిగారు. రేపు చెప్తానన్నాను.

మర్నాడు పొద్దున్న

సస్కటూన్ హోటల్ పార్కింగులో సామాను సర్దాం. అత్తయ్య ముందు సీట్లో కూర్చుని సూదుల డబ్బా తెరిచి లెక్క చూసుకుంది. పన్నెండు. డబ్బా మూసింది. పిల్లలు వెనక సీట్లో బెల్టులు పెట్టుకోబోతుంటే నేను ఆపాను.

"నిన్న నానమ్మకి ఏమీ కాలేదని చెప్పాను కదా," అన్నాను. "అది సగమే. మార్జొరీ గారు జేబులు ఖాళీ చేయించాక, నేను ఎవరికీ చెప్పకుండా నానమ్మ జేబులో నిమ్మకాయ పెట్టాను. అది జారి కర్ర అడుగున ఇరుక్కుని ఉంటే విమానం కూలిపోయి ఉండేది. నానమ్మ చేతిలో పట్టుకుని కూర్చుంది కాబట్టి అందరం బావున్నాం. నువ్వు అడిగినప్పుడు నేను ఏం లేదన్నాను మేధా. అది అబద్ధం."

మేధ నన్నే చూస్తోంది. "బట్ యూ టోల్డ్ మార్జొరీ," అంది.

"చెప్పాను. సీసా చూశాక. ముందే చెప్పాల్సింది."

"సో వాట్ డూ వుయ్ డూ నౌ?" అన్నాడు ఋషి. వాడికి ప్రతిదానికీ ఒక పని కావాలి.

"ఇకనుంచి బండి కదిలే ముందు ఎవరి జేబులో ఏముందో, ఎవరికి దేనికి భయంగా ఉందో పైకి చెప్పాలి," అన్నాను. "ముందు నేను." నా జేబులు రెండూ బయటికి లాగి చూపించాను. వ్యాన్ తాళం, ఒక చాక్లెట్ కాగితం. "ఆరు గంటలు ఒక్కదాన్నే డ్రైవ్ చేయాలంటే నాకు భయంగా ఉంది. ఇప్పుడు మీరు చెప్పండి."